వాకిలి లేని దడి

ఎల్ అతాయా, కెర్కెనా దీవి
అక్టోబరు

నా ఎమ్నాకి, నీ మేనత్త మబ్రూకా రెండు బుగ్గలూ ముద్దాడి రాస్తున్నది.

నేను బాగానే ఉన్నాను. మోకాళ్లు బాగా లేవు గానీ వాటి సంగతి వదిలెయ్. ఊళ్లో సంగతి ముందు చెప్పకపోతే నాకు ముద్ద దిగేలా లేదు.

నువ్వు పడవెక్కి ట్యూనిస్ వెళ్లిపోయినప్పటి నుంచి ఈ ఊరికి వేరే పని లేకుండా పోయింది. చేపలకని మీ నాన్న వంతుకొచ్చిన నీళ్లలో నువ్వు ఖర్జూరపు మట్టలతో కట్టిపోయిన దడి గురించే కాఫీ కొట్టులో, రొట్టెల బట్టీ దగ్గర, ఆఖరికి మసీదు మెట్ల మీద కూడా మాట. కాఫీ కొట్టు తయ్యిబ్ అయితే వచ్చిన వాడికల్లా పాఠం చెప్తున్నాడు. "చూడండయ్యా, ఆటుకి నీళ్లు వెనక్కి పోతాయా, చేప కూడా లోతుకి పోబోతదా, దడి అడ్డం తగుల్తదా, దాని పక్కనే పోయి పోయి వాకిట్లో దూరి మావు బుట్టలో పడతదా. మా తాత కట్టిందీ ఇదే, ఆయన తాత కట్టిందీ ఇదే. ఈ పిల్లేమో బావిగట్టు మాదిరి గుండ్రంగా మట్టలు పాతేసి వాకిలి మర్చిపోయింది. ఇంక చేప వచ్చి ఎవర్ని పిలవాల? తలుపు కొడతదా?" అని. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వడం.

బడి పంతులు ఒక్కడే అడ్డం పడ్డాడు. "అది చేపల కోసం కాదు, అది కళ" అన్నాడట. "కళ అయితే గోడకి తగిలించుకోవాలి గానీ నీళ్లల్లో పాతుతారా?" అని తయ్యిబ్. బట్టీ దగ్గర ఆడవాళ్లకి ఇంకా గొప్ప ఊహలు. అది ఆక్టోపస్‌లకి జైలని ఒకావిడ. ప్రభుత్వం అక్కడ చమురు కోసం తవ్వబోతోందని, గుర్తు పెట్టడానికి నిన్ను పంపిందని ఇంకో ఆవిడ. ఆ రెండో ఆవిడ నన్ను ఈ మధ్య మర్యాదగా పలకరిస్తోంది కూడా.

ఇదంతా నేనూ నవ్వుతూనే విన్నాను, అబద్ధమెందుకు. నిన్ను పెంచినదాన్ని, నీ సంగతి నాకు తెలియదా. చిన్నప్పుడు రొట్టెపిండితో తలకాయ లేని కోడిని చేసి, తల ఏదే అని అడిగితే "అది అటు చూస్తోందత్తా" అన్నదానివి. కానీ నిన్న బట్టీ దగ్గర ముసలి ఫజ్జియా, "షాదలీ ఆ పిల్లకి దడి కట్టడం కూడా నేర్పకుండానే పోయాడు పాపం" అంది. అందరూ తలలూపారు. నేను రొట్టె అక్కడే వదిలేసి ఇంటికొచ్చేశాను. నా తమ్ముడంత బాగా దడి కట్టేవాడు ఈ దీవిలో లేడు. పోయి రెండేళ్లన్నా కాలేదు, అప్పుడే వాడికి పని రాదన్నట్టు మాట్లాడుతున్నారు. నిన్నేమన్నా పడతాను, వాణ్ణి అంటే పడలేను.

అందుకని అడుగుతున్నాను. వాకిలి ఎందుకు పెట్టలేదే? మర్చిపోయానంటే నేనెవరికీ చెప్పను.

నీ అత్త


ట్యూనిస్
నవంబరు

అత్తా,

నీ చేతులకి ముద్దు. మర్చిపోలేదు. నాన్న పడవలో పెరిగినదాన్ని, వాకిలి ఎటు పెట్టాలో నాకు తెలియదా? వాకిలి లేకపోవడమే దాని సంగతి. ఎందుకని మాత్రం అడక్కు. చెప్పేస్తే అందరూ ఆ మాట పట్టుకుని వెళ్లిపోతారు, దాన్ని చూడరు.

నవ్వడం నాకు కొత్త కాదు. పోయిన నెల ఇక్కడొక ప్రదర్శనశాలలో నేను చేసినవి పెట్టారు. పాత తాళ్లు, ఉప్పు పట్టిన పడవ చెక్కలు, అలాంటివి. సూటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన నన్నే పనిమనిషి అనుకుని, "ఏమ్మా, ఇక్కడ ఇంకా సర్దడం అవలేదా?" అని అడిగాడు. ఇంకొకావిడ "మా మూడేళ్ల వాడు ఇంతకంటే బాగా చేస్తాడు" అని మొగుడితో అంటే, ఆయన "వాడైతే డబ్బులు కూడా అడగడు" అన్నాడు. నేను పక్కనే గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాను. నవ్వు వచ్చింది కూడా. వాళ్లు నా వాళ్లు కారు, వాళ్ల మాట నాకు తగలదు. బడిలో పిల్లలకి బొమ్మలు నేర్పి, గదికొచ్చి, ఒక గుడ్డు వేయించుకు తిని పడుకుంటాను. ఆదివారాలు ఒక్కోసారి సాయంత్రం దాకా నా గొంతు నాకే వినపడదు. కిందకి దిగి, అక్కర్లేకపోయినా అగ్గిపెట్టె కొనుక్కొస్తాను, కొట్టువాడితో ఒక మాట మాట్లాడినట్టు ఉంటుందని.

మన ఊరు నవ్విందని చదివాక మాత్రం నిద్ర పట్టలేదు. అత్తా, నాకు మెచ్చుకోళ్లు వద్దు. పొద్దున్నే నీళ్లలోకి పోయేవాడు ఒక్కడు పడవ ఆపి, ఇది ఎందుకు పనికొస్తుందని అడక్కుండా, దాని ముందు ఊరికే కాసేపు ఉంటే చాలు. మన వాళ్లలో ఒక్కడు. అది కూడా జరగకపోతే నేనీ పని మానేస్తాను. పిల్లలకి ఆపిల్ పండు గీయడం నేర్పుకుంటూ ఉండిపోతాను. ఏడుపుతో అంటున్న మాట కాదిది, ఆలోచించే అంటున్నాను.

ఏప్రిల్‌లో ఇక్కణ్ణుంచి కళలకి బహుమతులిచ్చే కమిటీ ఒకటి దాన్ని చూడటానికి వస్తోంది. అప్పటిదాకా అది నిలబడాలి. చలికాలం గాలి సంగతి నీకు తెలుసు, మట్టల్ని పీకి పారేస్తుంది. హట్టాబ్ బాబాయి నాన్నకి చేపల్లో భాగస్తుడు కదా, ఆయన్ని అడిగి నువ్వే చూసుకోవాలి. ఎట్లా చూసుకుంటావో నీ ఇష్టం. నీకే అప్పజెప్పాను.

నీ ఎమ్నా


ఎల్ అతాయా
జనవరి

నా బంగారు తల్లికి,

గాలి వచ్చింది. మామూలు గాలి కాదు, సిదీ యూసెఫ్ రేవుకి పడవలు రావడమే మానేశాయి. నీ మట్టలు చాలా లేచిపోయాయి. హట్టాబ్‌ని పిలిచి, "నా మేనకోడలు నాకు అప్పజెప్పింది, ఏం చేస్తావో చెయ్యి" అన్నాను. ఆయనా, ఆయన మేనల్లుళ్లూ చలిలో ఆ నీళ్లలో నిలబడి అంతా సరిచేశారు. నేను ఒడ్డున కూర్చుని అరుస్తూ ఉన్నాను, అటు కాదు ఇటు అని. నాకూ కొంచెం తెలుసులే, షాదలీకి అక్కని.

ఎమ్నా, నవ్వడం ఆగిపోయింది! నా మీద ఒట్టు. పొద్దున్నే వెళ్లే వాళ్లు పడవలు ఆపి మరీ చూస్తున్నారు. తయ్యిబ్ నిన్న నేను వెళ్తుంటే కుర్చీ వేసి, "షాదలీ రక్తం ఎక్కడికి పోతదిలే అక్కా" అన్నాడు. కాఫీకి డబ్బులు తీసుకోలేదు, ఆ పిసినారి. ఫజ్జియా ఏమందో చెప్పను, ఆవిడ ఏడుపు ఆవిడది. కానీ నా వైపు చూడలేక రొట్టెల వైపు చూసింది.

ఇంకో సంగతి. ఇప్పుడు రోజూ తెల్లారగట్ల హట్టాబ్ దడి దగ్గర్నుంచి నేరుగా మన గుమ్మానికొచ్చి, "మబ్రూకక్కా, లేచావా?" అని కేకేస్తాడు. మీ నాన్న ఉన్నప్పుడు వచ్చినట్టే. ఈ ఇంట్లో పొద్దున్నే మగగొంతు వినపడి ఎన్నాళ్లయింది! నేను ముందే లేచి ఉంటాను గానీ అప్పుడే లేచినట్టు, "వస్తున్నా వస్తున్నా" అంటాను.

ఎండిన ఆక్టోపస్, ఉప్పుచేప మూట కట్టి పంపుతున్నాను. మన నీళ్లవే. ఆక్టోపస్‌ని బార్లీ రవ్వతో ఉడికించు, జీలకర్ర వెయ్యడం మర్చిపోకు. చిక్కిపోయావని తెలుసు, ఫోటో చూశాను.

దడి ఎట్లా ఉందో రాయమంటావేమో, రాయను. ఏప్రిల్‌లో నీ కళ్లతో నువ్వే చూడు.

నీ అత్త


ట్యూనిస్
ఫిబ్రవరి

అత్తా, అత్తా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. బడికి తీసుకెళ్లి మధ్యాహ్నం తినే గదిలో మిగతా వాళ్లకి చదివి వినిపించాను. లెక్కల పంతులమ్మ నేనెవరితోనూ మాట్లాడనని అనుకునేదట, నోరు తెరుచుకుని చూసింది. నువ్వు పంపిన ఆక్టోపస్ నలుగురికీ వండి పెట్టాను. నా గదిలో నలుగురు మనుషులు కూర్చోవడం ఇదే మొదలు. కుర్చీలు లేక పెట్టెల మీద కూర్చున్నారు. జీలకర్ర వేశాను.

పడవలు ఆపి చూస్తున్నారా? నిజంగా? నేను అది కట్టేటప్పుడు ఎవరూ సాయం రాలేదు. ఒక్కదాన్నే నడుముల్లోతు నీళ్లలో మట్టలు పాతుతూ, ఇది ఎవరికి చూపిస్తున్నానో నాకే తెలియక ఏడ్చాను. నీకు చెప్పలేదు. ఇప్పుడు చెప్పినా పర్వాలేదనిపించి చెప్తున్నాను.

కమిటీ వాళ్లని కలిశాను. "మా దీవికి రండి. దేనికీ పనికిరాని ఒక వస్తువు ముందు, ఏమీ ఆశించకుండా ఆగి నిలబడే జనాన్ని చూపిస్తాను. ఈ ఊళ్లో సూటు వేసుకున్న వాళ్లకి రానిది మా చేపల వాళ్లకి వచ్చింది" అన్నాను. కొంచెం గొప్పగానే అన్నాను. అధ్యక్షురాలు కాగితం మీద రాసుకుంది.

మానేస్తానన్న మాట మర్చిపో. ఇంక మానను.

ఒక్కటి రాయి. దాని ముందు నిలబడి ఏమంటున్నారు? ఏదో ఒక మాట అని ఉంటారు కదా. ఎవరిదైనా సరే, ఒక్క మాట రాయి.

నీ ఎమ్నా


ఎల్ అతాయా
మార్చి

ఎమ్నాకి,

ఏమంటున్నారో వచ్చి విను. అన్నీ ఉత్తరంలోనే అయిపోతే ఇంక నువ్వు రావడమెందుకు?

ఆ కమిటీ వాళ్లు చేప తింటారా? కారం తింటారా? పట్నం వాళ్లకి ఎముకలు తియ్యడం రాదు, పెద్ద చేపే వండుతాను. గోడలకి సున్నం కొట్టించాను. నా పెళ్లినాటి ఎర్ర ఉన్నిశాలువా పెట్టెలోంచి తీసి ఎండలో వేశాను, పురుగు పట్టలేదు, దేవుడి దయ. రేవుకి హట్టాబ్ వస్తాడు. తొందరగా రా.

నీ అత్త


ట్యూనిస్
ఏప్రిల్ చివర

మబ్రూకా అత్తకి,

ఆ రోజు చెప్పకుండా పడవెక్కి వచ్చేశాను. ఎందుకో నీకు తెలియదనే అనుకుంటున్నాను. అదే నన్ను ఎక్కువ బాధపెడుతోంది.

హట్టాబ్ బాబాయి పడవలో కమిటీ వాళ్లకి దారి పొడుగునా చెప్తూ వచ్చాను. మీరు దాని చుట్టూ తిరుగుతారు, లోపలికి దారి ఎక్కడా అని వెతుకుతారు, దొరకదు, ఊరికే ఆగిపోతారు అని. అధ్యక్షురాలు కళ్లు పెద్దవి చేసుకుని వింటోంది. తల తిప్పి చూసేసరికి నా దడి నోరు తెరుచుకుని ఉంది. ఆటు నీళ్లకి ఎదురుగా రెండు చేతుల్లా మట్టల వరసలు, వాకిలి, వాకిలి వెనక మావులు. బాబాయి మేనల్లుడు మావు పైకెత్తాడు, అందులో చేపలు కొట్టుకుంటున్నాయి. "ఎట్టా ఉందమ్మా? మీ నాన్న చేతిపనిలా లేదూ?" అన్నాడు బాబాయి. ఆయన ముఖం వెలిగిపోతోంది.

అందరూ చప్పట్లు కొట్టారు. జనం కళని తమది చేసుకున్నారని అధ్యక్షురాలు కళ్లు తుడుచుకుంది. నల్లకళ్లద్దాల ఆయన ఒకడున్నాడు చూడు, ఇక్కడ నా తాళ్లనీ చెక్కల్నీ చూసి ముక్కు చిట్లించినవాడు. ఆయన చేప వైపు చూపించి, "ఇదైతే నాకు అర్థమైంది" అన్నాడు. "వాకిలి మీ ఆలోచనేనా?" అని అడిగారు. ఊరుకున్నాను. కాదంటే బాబాయీ నువ్వూ వాళ్ల ముందు తప్పు చేసినవాళ్లలా నిలబడాలి. ఒడ్డున నువ్వు ఎర్ర శాలువాలో, చిన్నపిల్లలా చెయ్యి ఊపుతున్నావు. అంత సంతోషంగా నిన్ను నాన్న పోయాక చూడలేదు.

నీ ఇంట్లో కమిటీ వాళ్లు చేపతో పెట్టిన రవ్వ కూస్కూసు మళ్లీ మళ్లీ పెట్టించుకు తిన్నారు. నువ్వు "ఇంకో ముక్క, ఇంకో ముక్క" అంటున్నావు. నేను నా ముక్క పక్కవాళ్ల పళ్లెంలో వేశాను.

నిన్న బహుమతి ఇచ్చారు. వాకిలికి ఇచ్చారు. నేను పెట్టని దానికి. పత్రికలో ఫోటో పడింది, అందులోనూ చేపలే. లెక్కల పంతులమ్మ కూడా "ఇప్పుడు బాగుంది ఎమ్నా, ఇప్పుడు దానికో అర్థముంది" అంది.

పడవలు ఆపి చూస్తున్నారని రాశావు. చేపలు పడ్డాయా లేదా అని చూస్తున్నారు. మూట కట్టి పంపిన ఆక్టోపస్ మన నీళ్లదే అన్నావు. నా దడిని కోసి పట్టినదాన్ని నాకే పంపితే, నలుగుర్నీ పిలిచి వేళ్లు నాక్కుంటూ తిన్నాను.

దాన్ని నా కళ్లతో చూసిన మనిషి ఈ లోకంలో ఒక్కరూ లేరు. ఇంక చూడరు కూడా.

ఎమ్నా


ఎల్ అతాయా
మే

ఎమ్నాకి,

ఉత్తరం అందింది. చదివాను. మడిచి పెట్టాను. మళ్లీ తీశాను. నీ మీద కోపం వచ్చింది, అది ముందు రాసేస్తాను, మనసులో పెట్టుకోను.

నేను పాడుచేశానా? నీ చొక్కాకి గుండీ ఊడిపోతే కుట్టాను, ఇదీ అంతే అనుకున్నాను. నువ్వే రాశావు, ఎట్లా చూసుకుంటావో నీ ఇష్టమని. నాకు చూసుకోవడమంటే ఇదే తెలుసు. ఊరంతా నా తమ్ముడి పేరు పట్టుకుని నవ్వుతుంటే, దడి పడిపోకుండా కర్ర ఆనించి నేనూ నవ్వించుకోవాలా? షాదలీ పోయాక వాడి వంతు నీళ్లు ఎవరూ చేప పట్టని చోటుగా పడి ఉన్నాయి. అందులోంచి చేప పైకొస్తే దేవుడికి దండం పెట్టుకున్నాను. నువ్వొచ్చి చూసి నా మెడ కౌగిలించుకుంటావనుకున్నాను. నువ్వు నా వైపు చూడకుండా పడవెక్కావు. గిన్నెలు ఫజ్జియా కడిగింది, తెలుసా? ఆవిడే వచ్చి కడిగింది, ఏమీ అనకుండా. అంతకంటే ఒక మాట అన్నా బాగుండేది.

అర్థం చెప్పనన్నావు. చెప్తే చూడరన్నావు. చెప్పలేదు, మరి ఎవరు చూశారే? రాజధాని వాళ్లు చూశారా? చదువుకున్న వాళ్లకే చేప కనబడితే నాకేం కనబడుతుంది? నేను రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నది నీకు ఉత్తరాలు రాయడం కోసమే, గొప్ప సంగతులు తెలుసుకోవడం కోసం కాదు.

నీ కోపం నీ దగ్గర ఉంచుకో, అది నీ హక్కు. కానీ వాకిలి లేని దడి ఎవరి కోసమే? నాకు చెప్పు. కమిటీకి చెప్పినట్టు కాదు, చిన్నప్పుడు దెబ్బ తగిలితే వచ్చి చెప్పినట్టు చెప్పు. అర్థం కాకపోతే కాలేదనే అంటాను.

అత్త


ట్యూనిస్
మే

అత్తా,

చెప్తాను.

నాన్న పోయిన రోజు గుర్తుందా? పొద్దున ఆ నీళ్లలోనే, మావు ఎత్తుతూ పడిపోయాడు. నాకు కబురు వచ్చేసరికి మధ్యాహ్నం. స్ఫాక్స్ రేవులో దీవి పడవ కోసం నిలబడి ఉండగానే మీరు ఖననం చేసేశారు. ఎండ రోజులు, ఆగలేరు, అది పద్ధతి, నాకు తెలుసు. నేను వచ్చేసరికి పొద్దు వాలింది. ఇంటినిండా ఆడవాళ్లు. నేను నేరుగా స్మశానానికి పోతానంటే పట్టుకున్నారు. "ఇవాళ ఆడవాళ్లు పోకూడదమ్మా, మూడో రోజు వెళ్దువుగాని" అన్నారు. నువ్వు కూడా అన్నావు. నిన్ను తప్పు పట్టడం లేదు.

మూడో రోజు వెళ్లాను. తెల్లటి దిబ్బ ఒకటి ఉంది. అందులో నాన్న ఉన్నాడని చెప్పారు. నేను ముఖం చూడలేదు, చెయ్యి పట్టుకోలేదు, మోస్తుంటే వెనక నడవలేదు. చెప్తే నమ్మాలి, అంతే. దాని చుట్టూ తిరిగాను. నేను ప్రార్థన చేసుకుంటున్నానని మీరందరూ అనుకున్నారు. నేను దారి వెతుకుతున్నాను అత్తా. ఎటు నుంచి వెళ్తే నాన్న దగ్గరికి పోవచ్చో అని. ఎటూ లేదు.

తర్వాత ఎవరు పలకరించినా ఏదో ఒక మాట చెప్పేవాళ్లు. మంచి చావన్నారు, దేవుడి దగ్గరికి పోయాడన్నారు, నువ్వు బాగా చదువుకుంటే ఆయన సంతోషిస్తాడన్నారు. నాకు ఆ మాటలు వద్దు. నేను నిలబడిన చోట ఎవరైనా వచ్చి నిలబడితే చాలనుకున్నాను. దానికి మందు వెయ్యకుండా, సరిచెయ్యకుండా.

అదే కట్టాను. నాన్న పడిపోయిన నీళ్లలో, నాన్న నేర్పిన పనితో. మన ఊళ్లో దడి కనబడితే అందరి కళ్లూ ముందు వాకిలే వెతుకుతాయి కదా. అది లేకపోతే ఒక్క క్షణం వాళ్లకి నాలాగే ఉంటుందనుకున్నాను.

ఇప్పుడు రాస్తే ఎంత చిన్న సంగతిలా ఉందో. అప్పుడే నీకు చెప్పాల్సింది. నువ్వూ తమ్ముణ్ణి పోగొట్టుకున్నావు, నా ఏడుపు నీ మీద ఎందుకని ఊరుకున్నాను. మన ఇద్దరం ఆ రోజు ఒకే గదిలో ఉండి కూడా విడివిడిగానే ఏడ్చాం.

నువ్వేమీ చెయ్యక్కర్లేదు. హట్టాబ్ బాబాయి ఆ దడితో చేపలు పట్టుకోనీ. పొద్దున్నే నీ గుమ్మం దగ్గరికి ఒక మనిషి వస్తున్నాడు, అది చాలు నాకు.

ఎమ్నా


ఎల్ అతాయా
మే చివర

నా ఎమ్నాకి,

వాకిలి మూసేశాను.

హట్టాబ్ ఒప్పుకోలేదు. "మతి పోయిందా మబ్రూకక్కా? చేప దిగే రోజులు, ఇప్పుడు మూస్తామా?" అన్నాడు. మూయకపోతే మట్టలు నేనే పీకేస్తానన్నాను. సణుక్కుంటూ వచ్చాడు. మావులు తీసేశాం, అటూ ఇటూ పెట్టిన వరసలు పీకేశాం, వాకిలున్న చోట కొత్త మట్టలు పాతాం. నేను పడవలో కూర్చుని ఒక్కొక్కటీ అందించాను. తయ్యిబ్ ఒడ్డు నుంచి, "ఏం అక్కా, చేపలకి సెలవులిచ్చావా?" అని అరిచాడు. అందరూ నవ్వారు. ఈసారి నా ఒక్కదాని మీద. నీ మీద ఇన్నాళ్లు నవ్వింది ఇట్లాగేనా? ఎట్లా పడ్డావే తల్లీ.

పని అయ్యాక హట్టాబ్‌ని, "ఒకసారి చుట్టూ తిప్పు" అన్నాను. తిప్పాడు. నువ్వు రాసినదంతా ముందే తెలుసు కదా, అయినా నా కళ్లు వాకిలే వెతికాయి. సిగ్గేసింది. "ఇంకోసారి తిప్పు" అన్నాను. బయటంతా అల లేస్తోంది. లోపల నీళ్లు కదలకుండా ఉన్నాయి. హట్టాబ్ తెడ్డు ఆపేశాడు. "ఇక్కడేగా పడిపోయాడు" అన్నాడు, నాతో కాదు. కాసేపటికి ఇంక పోదామా అని ఆయనే అన్నాడు. ఒక్కడన్నా పడవ ఆపి నిలబడాలన్నావు. హట్టాబ్ నిలబడ్డాడు, రాసుకో.

ఇప్పుడు నా సంగతి విను. షాదలీ పోయినప్పుడు కళ్లు మూసింది నేను. అత్తరు రాసింది, ఏడ్చిన వాళ్లని ఓదార్చింది, వచ్చిన వాళ్లందరికీ వండి పెట్టింది నేను. నీకంటే నాకు తెలుసనుకున్నాను వాడు పోయాడని. తెలియదే. తెల్లారగట్ల హట్టాబ్ కేకేస్తే, ఆ ఒక్క క్షణం, షాదలీ నీళ్లలో ఉన్నాడు, హట్టాబ్ చేత చేప పంపించాడు అనుకునేదాన్ని. రోజూ అనుకున్నాను. ఆ మావులు పెట్టించింది ఊరి నవ్వు ఆపడానికని నీకు రాశాను, నాకూ అదే చెప్పుకున్నాను. అందుకు కాదు. వాడు పనికి పోయినట్టు ఉండాలని పెట్టించాను.

నీ దడి మూసేశాక మర్నాడు పొద్దున కేక లేదు. నేను లేచి కూర్చున్నాను. వెలుగొచ్చింది, ఎండొచ్చింది. ఎవరూ రాలేదు. అప్పుడు, ఎమ్నా, నా తమ్ముడు పోయాడు.

నీ పని ఇదేనా? ఇదైతే మంచి పని అని నేను అనలేను. చెడ్డ పనని కూడా అనను. ఊళ్లో ఎవరికీ చెప్పను, వాళ్లు నవ్వుకోనీ. నాకైతే కనబడింది.

జూన్ గాలులు వచ్చాయంటే అది నిలవదు. అవి రాకముందే బయల్దేరు. బహుమతీ వద్దు, కమిటీ వద్దు, నువ్వొక్కదానివే రా. ఈసారి ఒకే గదిలో విడివిడిగా ఏడవద్దు. ఈ ఏడుపు నా ఒక్కదాని వల్ల కావడం లేదే.

నీ అత్త
మబ్రూకా